పసిబిడ్డకు నరం మొదటిసారే దొరకాలంటే



పిల్లల వార్డులో తల్లులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "ఎన్నిసార్లు గుచ్చుతారమ్మా నా బిడ్డను?" సెలైన్ పెట్టడానికి సిస్టర్ ఒక చేతికి గుచ్చుతుంది, నరం దొరకదు. రెండో చేయి చూస్తుంది. ఆ తరువాత కాలు చూస్తుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. తండ్రి గది బయట అటూ ఇటూ తిరుగుతాడు. అమ్మమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. చివరికి ఎవరో ఒక పెద్ద సిస్టర్ వచ్చి పెట్టేస్తే, "ఆమె చేయి మంచిది" అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఈ "చేయి మంచిది" అనే మాట మీదనే మేము ఈ నెల మాట్లాడదలచుకున్నాము. నరం దొరకడం హస్తవాసి అని చాలామంది నమ్ముతారు. నర్సులలో కూడా కొందరు అలాగే అనుకుంటారు. మా అభిప్రాయం వేరు. మొదటిసారే నరం దొరకడం చాలావరకు ముందు చేసుకున్న ఏర్పాటు మీద ఆధారపడుతుంది. దానిని నేర్పవచ్చు, నేర్చుకోవచ్చు, లెక్క రాసి మెరుగుపరచుకోవచ్చు. అదృష్టం అనుకున్నంతకాలం ఎవరూ ఏమీ మార్చరు. ఆ బాధంతా బిడ్డ పడుతుంది.

(వైద్య పుస్తకాలలో దీనిని సిర అంటారు. మనమందరం నరం అంటాము కనుక ఇక్కడ ఆ మాటే వాడుతున్నాము.)

పిల్లలకు ఎందుకు కష్టం?

పెద్దవారి చేతికి పట్టీ కట్టి పిడికిలి బిగించమంటే నరం ఉబ్బి కనబడుతుంది. పసిబిడ్డ నరం సేమియా పోగంత సన్నగా ఉంటుంది. పైగా దాని మీద మెత్తటి కొవ్వు పొర. "మా బిడ్డ బొద్దుగా, బలంగా ఉంది కదా, నరం ఎందుకు దొరకదు?" అని తల్లులు ఆశ్చర్యపోతారు. నిజానికి పాలు తాగి బొద్దుగా ఉన్న 6 నెలల నుండి ఏడాదిన్నర వయసు పిల్లలలోనే నరం వెదకడం మాకు ఎక్కువ కష్టం. మణికట్టు దగ్గర ఆ ముద్దులొలికే మడతల క్రింద నరం దాగి ఉంటుంది.

దీనికి జబ్బు తోడవుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గితే నరాలు కుంచించుకుపోతాయి. చలికి, జ్వరంతో వచ్చే వణుకుకు, భయానికి కూడా ముడుచుకుంటాయి. సెలైన్ ఎంత అవసరమైతే నరం అంత కష్టంగా దొరుకుతుందన్నమాట.

ఏ బిడ్డకు కష్టమవుతుందో గుచ్చకముందే అంచనా వేసే చిన్న లెక్క ఒకటి ఉంది. 2008లో అమెరికా వైద్యులు దానిని ప్రకటించారు. పట్టీ కట్టిన తరువాత నరం కంటికి కనబడకపోతే 2 మార్కులు. వేలికి తగలకపోతే 2. బిడ్డ వయసు ఏడాదిలోపు అయితే 3, ఏడాది దాటి మూడేళ్లలోపు అయితే 1. నెలలు నిండకముందే పుట్టిన బిడ్డ అయితే మరో 3. మొత్తం 4 గానీ అంతకు మించి గానీ వస్తే, మొదటి ప్రయత్నం తప్పిపోయే అవకాశం సగానికి పైనే అని వారు చూపించారు.

ఈ లెక్కకు యంత్రం అక్కరలేదు, డబ్బు అక్కరలేదు. కళ్లు, వేళ్లు, తల్లిని అడిగే రెండు ప్రశ్నలు చాలు. 4 మార్కులు దాటిన బిడ్డను కొత్తగా చేరిన సిస్టర్ చేతిలో పెట్టకూడదు. అందరికంటే అనుభవమున్నవారు మొదటే రావాలి. మూడుసార్లు తప్పిన తరువాత పెద్ద సిస్టర్‌ను పిలవడం మన ఆసుపత్రులలో పాత అలవాటు. అప్పటికి మంచి నరాలు పాడైపోయి ఉంటాయి. బిడ్డ అలసిపోయి ఉంటుంది. ఆ పిలుపేదో ముందే పిలవమంటున్నాము.

మొదటి ప్రయత్నం ఎందుకంత ముఖ్యం?

నొప్పి ఒక కారణం. అదొక్కటే కాదు. ఒకసారి గుచ్చి తప్పిన నరం నుండి రక్తం కారి చుట్టూ నీలంగా కమిలిపోతుంది. ఆ నరాన్ని కొన్ని రోజుల వరకు వాడలేము. పసిబిడ్డకు సూది పెట్టగలిగిన చోట్లు కొన్నే. అరచేతి వెనుక, ముంజేయి, మోచేతి మడత, చీలమండ దగ్గర, పాదం మీద, చాలా చిన్న బిడ్డకైతే తలమీద. వారం పది రోజులు మందులు ఎక్కించవలసిన బిడ్డకు మొదటి రోజే నాలుగు చోట్లు పోతే, తరువాతి రోజులకు ఏమి మిగులుతుంది?

డెంగ్యూ కాలంలో ఇది మరీ ముఖ్యం. ఆ జ్వరంలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. అనవసరంగా పడిన ప్రతి పోటు దగ్గర రక్తం కమ్మి వాపు వస్తుంది.

కాలం కూడా విలువైనదే. తీవ్రంగా నీరు తగ్గిన ఏడాదిలోపు బిడ్డకు కిలో బరువుకు 30 మిల్లీలీటర్ల చొప్పున మొదటి గంటలోనే ఎక్కించి, తరువాతి 5 గంటలలో మరో 70 మిల్లీలీటర్ల చొప్పున ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ మొదటి గంటలో అరగంట నరం వెదకడానికే పోతే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇంకొకటి భయం. ఒకరోజు అయిదారు పోట్లు తిన్న బిడ్డ తరువాత తెల్ల బట్టలు చూస్తేనే ఏడుస్తుంది. టీకాలకు తీసుకువెళ్లాలంటే తల్లికి కష్టమవుతుంది. పెద్దయ్యాక కూడా సూదంటే వణికేవారు, ఆ భయంతో వైద్యం వాయిదా వేసుకునేవారు మనలో ఎంతమంది లేరు?

ముందు చేయవలసిన ఏర్పాటు

మంచి నర్సు సూది పట్టుకునే ముందు చేసే పనిని మీరు గమనించండి. ఆమె మొదట రెండు చేతులూ, రెండు కాళ్లూ చూస్తుంది. కనబడిన మొదటి నరానికే గుచ్చదు. వేలి కొసతో మెల్లగా నొక్కి చూస్తుంది. మంచి నరం నొక్కితే అణగి, వదిలితే పైకి లేస్తుంది. కంటికి నీలంగా కనబడే నరం కంటే వేలికి తగిలే నరాన్నే ఎక్కువ నమ్ముతుంది.

చేయి చల్లగా ఉంటే గోరువెచ్చని తడిగుడ్డ కొద్ది నిమిషాలు చుట్టి ఉంచుతుంది. వేడిగుడ్డ కాదు, గోరువెచ్చనిదే. పసివారి చర్మం త్వరగా కందిపోతుంది. చేతిని గుండె కంటే క్రిందికి ఉంచితే నరంలో రక్తం నిండుతుంది. పట్టీ మరీ గట్టిగా కట్టదు, ఎక్కువసేపు ఉంచదు.

సూది సైజు కూడా చూడాలి. పసిపిల్లలకు ఎక్కువగా వాడేది పసుపురంగు మూత ఉండే 24 నంబరు. చాలా చిన్న బిడ్డలకు ఊదారంగు 26 నంబరు. ప్లాస్టరు ముక్కలు ముందే కత్తిరించి పెట్టుకోవాలి. చేతికి కట్టే చిన్న చెక్క, సెలైన్ నింపిన సిరంజి పక్కనే ఉండాలి. నరం దొరికిన తరువాత "ప్లాస్టరు ఏదీ?" అని వెదికితే, ఆ రెండు క్షణాలలో బిడ్డ చేయి విదిలించి అంతా ఊడిపోతుంది. ఈ పనికి కనీసం ఇద్దరు ఉండాలి. ఒకరు సూది పెట్టేవారు, ఇంకొకరు చేయి కదలకుండా పట్టి అందించేవారు.

స్పిరిట్ రాసిన తరువాత చర్మం ఆరాలి. తడిమీద గుచ్చితే మంట ఎక్కువ, క్రిములూ పూర్తిగా చావవు. ఆరిన తరువాత ఆ చోటును మళ్లీ వేలితో ముట్టుకోకూడదు. ఇక సూదిని ఏటవాలుగా, దాదాపు చర్మానికి ఆనినట్లుగా, మెల్లగా నడపాలి. పసిబిడ్డ నరంలో రక్తం మెల్లగా వస్తుంది. రక్తం కనబడలేదని తొందరపడి ఇంకా లోపలికి తోస్తే సూది నరాన్ని చీల్చుకుని అవతలికి పోతుంది. చాలా ప్రయత్నాలు తప్పేది ఇక్కడే.

నొప్పి తగ్గించడానికి కూడా మార్గాలున్నాయి. చర్మం మొద్దుబారే క్రీము ఉంది. అది పనిచేయడానికి సుమారు గంట పడుతుంది కనుక, తొందర లేని పిల్లలకు ముందుగానే రాయవచ్చు. చంటిబిడ్డకు తల్లిపాలు ఇస్తూ సూది పెడితే నొప్పి తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. తల్లి రొమ్మును మించిన నొప్పిమందు చంటిబిడ్డకు ఏముంటుంది? డాక్టరుగారు పాలు ఆపమన్న సందర్భాలలో తప్ప ఇందుకు ఖర్చూ లేదు, అడ్డూ లేదు.

బిడ్డను ఎలా పట్టుకోవాలి?

బిడ్డను మంచంమీద వెల్లకిల పడుకోబెట్టి నలుగురు అదిమిపట్టడం చాలాచోట్ల చూస్తాము. దీనితో బిడ్డ భయం రెట్టింపవుతుంది, ఇంకా బలంగా పెనుగులాడుతుంది. రెండు మూడేళ్ల బిడ్డను తల్లి ఒడిలో, తల్లి గుండెకు ఆనించి కూర్చోబెట్టి, ఒక చేతిని మాత్రం పక్కకు చాపి పట్టుకోవడం మంచి పద్ధతి. బిడ్డ తల్లి ముఖం చూస్తుంటుంది. సిస్టర్ చేయి చూస్తుంటుంది.

"తల్లి చూడలేదు, బయటకు పంపండి" అనే పెద్దలు ఉన్నారు. చూడలేని తల్లిని బలవంతపెట్టము. కళ్లు తిరుగుతాయనిపిస్తే నాన్నగానీ, నాయనమ్మగానీ, పిన్నిగానీ కూర్చోవచ్చు. కానీ దగ్గర ఉంటానన్న తల్లిని బయటకు పంపడం మాత్రం సరికాదని మా అభిప్రాయం.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మనవి. "అల్లరి చేస్తే సిస్టరమ్మ వచ్చి సూది వేస్తుంది" అని ఇంట్లో పిల్లలను బెదిరించకండి. అన్నం తినకపోయినా, నిద్రపోకపోయినా మమ్మల్నే పిలుస్తారు! అలా పెరిగిన బిడ్డకు మేము చేసేది వైద్యంలాగా కనబడదు, శిక్షలాగా కనబడుతుంది. అలాగే "నొప్పేమీ ఉండదు" అని అబద్ధం చెప్పవద్దు. "చిన్న చీమ కుట్టినట్లు ఉంటుంది, నేను నీ దగ్గరే ఉంటాను, అయిపోగానే ఎత్తుకుంటాను" అని చెప్పండి. నిజం చెప్పిన తల్లిని బిడ్డ రెండోసారి కూడా నమ్ముతుంది.

ఒకరు రెండుసార్లకు మించరాదు

మేము గట్టిగా చెప్పదలచిన మాట ఇది. ఒకే నర్సు ఒకే బిడ్డకు రెండుసార్లకు మించి ప్రయత్నించకూడదు. రెండుసార్లు తప్పితే సూది క్రింద పెట్టి, తనకంటే అనుభవమున్నవారిని పిలవాలి. ఇది మేము కల్పించిన నియమం కాదు. సెలైన్ వైద్యంలో పనిచేసే అమెరికా నర్సుల సంఘం 2016లో ప్రచురించిన ప్రమాణాలలో ఒకరు రెండుసార్లు, అందరూ కలిసి నాలుగుసార్లు అని పరిమితి పెట్టారు. ఆ తరువాత వేరే మార్గం ఆలోచించాలి.

ఈ నియమానికి అభ్యంతరాలు ఉన్నాయి. అవి కొట్టిపారేయదగినవి కావు.

మొదటిది, "రాత్రి డ్యూటీలో ఒక్క సిస్టరే ఉంటే ఎవరిని పిలుస్తుంది?" నిజమే. చిన్న ఆసుపత్రులలో ఇది పెద్ద సమస్య. అందుకే ప్రతి షిఫ్టుకూ పిల్లల నరాలు బాగా తెలిసిన ఒకరి పేరు బోర్డు మీద రాసి ఉండాలి. ఆమె ఆపరేషన్ థియేటరులో ఉన్నా, ప్రసవాల గదిలో ఉన్నా, క్వార్టర్సులో ఉన్నా పిలిస్తే రావాలి. థియేటరులో మత్తు ఇచ్చే డాక్టర్లు రోజూ ఈ పని చేస్తారు, వారినీ అడగవచ్చు. సహాయం అడగడం చిన్నతనమని మన నర్సులు అనుకోకూడదు. "నాకు దొరకలేదు, మీరు రండి" అన్న సిస్టర్‌ను తక్కువగా చూసే సీనియర్లు ఉంటే, ముందు మారవలసింది వారే.

రెండోది, "కొత్తవారు పిల్లలమీద చేయకపోతే ఎలా నేర్చుకుంటారు?" ఇదీ న్యాయమైన ప్రశ్నే. ఈరోజు చేయి తిరిగిన ప్రతి సిస్టరూ ఒకప్పుడు కొత్త సిస్టరే. అయితే నేర్చుకోవడానికి ఒక వరుస ఉండాలి. ముందు రబ్బరు చేతి బొమ్మ మీద, తరువాత పెద్ద రోగులమీద, ఆ తరువాత నరం బాగా కనబడే ఎనిమిది పదేళ్ల పిల్లలమీద, సీనియర్ పక్కన నిలబడి ఉండగా చేయాలి. నీరసించిన పసిబిడ్డ చేయి మొదటి పాఠానికి తగినది కాదు.

మూడోది ప్రాణాపాయం. బిడ్డ స్పృహ తప్పి, చేతులు కాళ్లు చల్లబడిన స్థితిలో ప్రయత్నాలు లెక్కపెడుతూ కూర్చోము. అటువంటప్పుడు నరం వెంటనే దొరకకపోతే మోకాలి క్రింది ఎముకలోకి ప్రత్యేకమైన సూది పెట్టి మందు ఎక్కించే పద్ధతి ఉంది. ఎముక లోపలి మజ్జ ద్వారా మందు నరంలో ఎక్కినంత త్వరగా ఒంట్లో కలుస్తుంది. డాక్టరుగారు అలా చేస్తామంటే బెదరకండి. అది బిడ్డను బ్రతికించుకునే మార్గం.

యంత్రాల సంగతి

"పెద్ద ఆసుపత్రులలో లైటు వేస్తే నరాలు కనబడతాయట, మీ దగ్గర లేదా?" అని కొందరు అడుగుతారు. చర్మంమీద నరాల నీడను చూపే ఆ లైటు యంత్రాలమీద పరిశోధనలు చాలానే జరిగాయి. పిల్లలందరిలో మొదటి ప్రయత్నం గెలుపును అవి పెంచుతాయని గట్టిగా తేలలేదు. లైటు నరం ఎక్కడుందో చూపుతుంది కానీ ఎంత లోతులో ఉందో వేలు చెప్పినట్లు చెప్పదు.

అల్ట్రాసౌండ్ స్కానింగు సంగతి వేరు. నరం దొరకడం కష్టమని ముందే తేలిన పిల్లలమీద అమెరికాలో చేసి 2019లో ప్రచురించిన ఒక పరిశోధనలో, స్కానింగు చూస్తూ పెట్టినప్పుడు సుమారు 85 శాతం మందికి మొదటిసారే దొరికింది. మామూలు పద్ధతిలో సుమారు 46 శాతం మందికే దొరికింది. తేడా చిన్నది కాదు. కానీ అక్కడ యంత్రంతోపాటు దానిమీద శిక్షణ పొందిన నర్సులు, డాక్టర్లు ఉన్నారన్నది మరువరాదు. యంత్రం కొని నేర్పకపోతే అది మూలన పడుతుంది. కనుక మా వరుస ఇది: ముందు ఏర్పాటు, తరువాత శిక్షణ, ఆ తరువాత యంత్రం.

అసలు సూది అవసరమా?

సూది బాధ లేకుండా చేసే మేలైన ఉపాయం అవసరం లేని సూదిని వేయకపోవడమే. మన ఊళ్లలో ఒక నమ్మకం పాతుకుపోయింది. నీరసంగా ఉంటే "ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించండి" అంటారు. ఎక్కించని డాక్టరు మంచి డాక్టరు కాడంటారు. 5 శాతం గ్లూకోజు అర లీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. ఇంచుమించు ఐదారు చెంచాల చక్కెరతో సమానం. నోటితో తాగగలిగే బిడ్డకు దానికోసం నరం వెదకడం న్యాయమా?

విరేచనాలు పట్టుకున్న పిల్లలలో ఎక్కువమందికి ఓ.ఆర్.ఎస్. చాలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరానికి వేలాదిగా శరణార్థులు వచ్చారు. కలరా చెలరేగింది. సెలైన్ బాటిళ్లు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో తయారుచేయించి, బంధువుల చేతనే రోగులకు తాగించారు. అక్కడ 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతంలోపుకు తగ్గాయి. ఆయన 2022లో మరణించారు. 2023లో మన ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. ఎందరో పిల్లలను సూదిపోటు నుండి తప్పించినవాడాయన.

కనుక బిడ్డ తాగగలిగితే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్‌ను దానిమీద రాసినంత నీటిలోనే కలిపి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపవద్దు. డాక్టరుగారు రాసిన జింకు మందు 14 రోజులు పూర్తిగా వేయండి. అయితే బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, తాగలేకపోతున్నా, ఆరు గంటలుగా మూత్రం పోయకపోయినా ఇంట్లో ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి. త్వరగా వచ్చిన బిడ్డకు నరం కూడా సులువుగా దొరుకుతుంది.

దొరికిన నరాన్ని కాపాడుకోవడం

ఒకసారి పెట్టిన కాన్యులా ఊడిపోతే మళ్లీ గుచ్చాలి. దానిని కాపాడడంలో సగం పని ఇంటివారిదే. కొన్ని మాటలు గుర్తుంచుకోండి.

బిడ్డ చేతిలో సూది ఉండిపోయిందని చాలామంది భయపడతారు. పెట్టగానే సూదిని బయటకు తీసేస్తాము. లోపల ఉండేది మెత్తని సన్నని ప్లాస్టిక్ గొట్టం మాత్రమే. బిడ్డను ఎత్తుకోవచ్చు, పాలివ్వవచ్చు.

ఆసుపత్రికి వచ్చే రోజు బిడ్డ చేతులకు, కాళ్లకు నూనె, పౌడరు రాయకండి. ప్లాస్టరు అంటుకోదు. మణికట్టుకు కట్టిన గాజులు, నల్లపూసలు, దిష్టితాడు, కాలి పట్టీలు సూది పెట్టే వైపు తీసేయనివ్వండి. వాపు వస్తే అవి బిగుసుకుని రక్తప్రసరణ ఆగుతుంది.

బిడ్డ ఏ బొటనవేలు చీకుతుందో, ఏ చేతితో తింటుందో మాకు ముందే చెప్పండి. వీలైతే రెండో చేతికి పెడతాము. ఇంతకుముందు ఏ చోట నరం బాగా దొరికిందో గుర్తుంటే అదీ చెప్పండి.

తలమీద పెడితే మెదడుకు తగులుతుందని భయపడవద్దు. ఆ నరం చర్మం క్రింద, పుర్రె ఎముక పైన ఉంటుంది. అయితే తలమీద పెట్టాలంటే కొంచెం జుట్టు తీయాలి. పుట్టువెంట్రుకలు ఇంకా తీయించని ఇళ్లలో అది మనసుకు కష్టం కలిగించవచ్చు. అందుకే నర్సులు ముందు తల్లిని అడిగి, ఆమె సరేనన్న తరువాతే కత్తెర పట్టాలి.

గొట్టం పెట్టిన చోట వాపు, ఎరుపు, చల్లదనం, గట్టిపడటం, లేదా మందు పోతుండగా బిడ్డ ఒక్కసారిగా ఏడవడం గమనిస్తే వెంటనే సిస్టర్‌ను పిలవండి. "రౌండ్సుకు వస్తారులే" అని ఆగవద్దు. అర్ధరాత్రి అయినా సరే. కొన్ని మందులు నరం బయటకు కారితే చర్మం పుండు పడుతుంది.

లెక్క రాద్దాం

చివరిగా ఒక సూచన. ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చామో కేసు షీటులో రాస్తాము. ఎన్ని సీసాలు ఎక్కాయో రాస్తాము. బిడ్డను ఎన్నిసార్లు గుచ్చామో మాత్రం చాలా ఆసుపత్రులలో ఎవరూ రాయరు. అది కూడా రాయాలని మా అభిప్రాయం. ఎవరు ప్రయత్నించారు, ఏ చోట, ఎన్నోసారి దొరికింది అని ఒక్క వరుస చాలు. నెలాఖరున ఆ వరుసలు కూడితే ఏ షిఫ్టులో ఎక్కువ తప్పుతున్నాయో, ఎవరికి ఇంకా శిక్షణ కావాలో, ఏ వయసు పిల్లలకు మొదటే సీనియర్‌ను పిలవాలో తెలిసిపోతుంది. ఆ పుస్తకం ఎవరినీ తిట్టడానికి కాదు. తిట్లు మొదలైన రోజు నుండి అందులో నిజం రాయడం మానేస్తారు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు రెండుసార్లు ప్రయత్నించిన తరువాత "సిస్టరుగారూ, ఇంకొకరిని పిలుస్తారా?" అని మర్యాదగా అడిగే హక్కు మీకుంది. అలా అడిగినందుకు మంచి నర్సు ఎవరూ బాధపడరు. అరుపులు, బెదిరింపులు మాత్రం వద్దు. వణుకుతున్న చేతికి ఏ నరమూ దొరకదు. ఏడుస్తున్న బిడ్డను చూస్తూ గుచ్చే సిస్టర్ గుండె కూడా గట్టిగానే కొట్టుకుంటుందని గుర్తుంచుకోండి. ఆమెకు మీరు ఒక్క నిమిషం నిదానం ఇస్తే, ఆ నిదానం మీ బిడ్డకే మేలు చేస్తుంది.

వచ్చే వేసవిలో విరేచనాలు, వానలు పడ్డాక జ్వరాలు ఎలాగూ వస్తాయి. పిల్లల వార్డు నిండుతుంది. అప్పటికల్లా ఇంట్లో నాలుగు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు పెట్టుకోండి. నర్సుల గదిలో ఆ షిఫ్టుకు పిలవవలసినవారి పేరు బోర్డు మీద ఉందో లేదో మేము చూసుకుంటాము.

— నర్సింగ్ సూపరింటెండెంట్